పాత బ్యాటరీ ఆటో కొంటున్నారా? ముందు సత్తా కొలవండి

కూరగాయలు మార్కెట్‌కు తోలుకోవడానికి పాత లిథియం బ్యాటరీ ట్రాలీ ఆటో కొనేటప్పుడు డయలులో నూరు శాతం చూసి మోసపోవద్దు. పూడిక పడిన చెరువు కూడా అలుగు పారుతుంది, నీళ్లు మాత్రం తక్కువ. ఆ నూరు ఈనాటి నిండుదనమే గాని, కొత్తలో ఉన్నది కాదు. బండి ఖరీదులో పెద్ద భాగం బ్యాటరీదే.

కొలిచే పద్ధతి:

1. బ్యాటరీ మీది ఓల్టులను, ఏహెచ్‌ను హెచ్చవేయండి. 48 ఓల్టులు, 150 ఏహెచ్ అయితే 7,200 వాట్ అవర్లు, అంటే 7.2 యూనిట్లు.

2. నూరు నుంచి 20 శాతానికి దిగేదాకా నడపండి. పది శాతమే దింపి కొలిస్తే లెక్క తప్పుతుంది.

3. సబ్‌మీటరు పెట్టి మళ్లీ నూరుకు ఛార్జి చేయండి. 5.6 యూనిట్లు తిరిగిందనుకుందాం. ఛార్జరు వేడి కింద సుమారు పదో వంతు పోగా 5.04 మిగులుతుంది. ఇది 80 శాతానికి. నూరుకైతే 6.3.

4. 7.2కు 6.3 అంటే 87.5 శాతం. రూపాయికి పన్నెండున్నర పైసలు అరిగినట్లు.

80 కంటే తగ్గితే ధర తగ్గించి అడగండి. ఒక రాత్రి కొలిచి చూస్తానంటే అమ్మేవాడు ఒప్పుకోకపోతే, ఆ బేరం వదులుకోవడమే మేలు.