ఆటల కంప్యూటరున క్యాష్ నమర్చు విధము

మన వంటయిండ్లలో ఆవాలు, మెంతులు, జీలకఱ్ఱ మొదలగునవి రెండు తావుల నుండును. పెద్ద నిలువ అటుకమీది జాడీలలోను, దినదినము వలసినది పొయ్యిచెంతనున్న పోపులపెట్టెలోను ఉండును. పోపు వేయునప్పుడెల్ల తల్లి నిచ్చెన నెక్కదు. కంప్యూటరులో క్యాష్ అనబడునది యిట్టి పోపులపెట్టెయే. ఈ మాట ఫ్రెంచి భాషనుండి వచ్చినది. దాచుచోటని దాని యర్థము. 1968లో ప్రకటింపబడిన ఐ.బి.ఎం. వారి సిస్టమ్ 360, 85వ నమూనా యంత్రమునందే యిట్టి యేర్పాటు కలదు.

దీని యావశ్యకత యెట్టిదనగా, హార్డ్ డిస్కులోని బిళ్లలు సాధారణముగా నిమిషమునకు 7,200 మారులు తిరుగును. కావలసిన భాగము చదువు హెడ్డు క్రిందికి వచ్చుటకు సగటున అర చుట్టు, అనగా ఇంచుమించు 4 మిల్లీసెకండ్లు పట్టును. హెడ్డు జరుగు కాలము దీనికి అదనము. రెండును గూడి 12 మిల్లీసెకండ్లనుకొందము. ఒక పెద్ద ఆటను తెరచుటకు చెదరియున్న 5,000 భాగములను చదువవలసివచ్చెనేని 60 సెకండ్లు గడచును. సాలిడ్ స్టేట్ డ్రైవులో కదలు భాగమేదియు లేదు గాన నీ నిరీక్షణము మిక్కిలి స్వల్పము.

2011లో పెద్ద సాలిడ్ స్టేట్ డ్రైవు వెల మిక్కిలి హెచ్చు. ఆ యేట ఇంటెల్ వారు జెడ్68 చిప్‌సెట్‌తో స్మార్ట్ రెస్పాన్స్ అను పద్ధతిని తెచ్చిరి. చిన్న డ్రైవున 64 గిగాబైట్లకు మించని భాగమును హార్డ్ డిస్కునకు క్యాష్‌గా నేర్పఱచుటయే దీని సారము. అట్టి యంత్రము గలవారు చేయవలసిన క్రమ మిది.

1. ముఖ్యమైన ఫైళ్లకు వేఱొక డిస్కులో నకలు తీయవలెను. క్యాష్‌నకు నియమించు డ్రైవులోనివి తుడిచివేయబడును.

2. బయోస్‌లో సాటా పద్ధతిని రెయిడ్ అని యుంచవలెను. విండోస్ స్థాపింపక మునుపే యిది చేయుట మేలు. పిదప మార్చినచో యంత్రము మొదలుకాకపోవచ్చును.

3. హార్డ్ డిస్కుపై విండోస్ స్థాపించి, ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ అను ప్రోగ్రామును చేర్చవలెను.

4. అందు యాక్సిలరేట్ అనుచోట చిన్న డ్రైవును, క్యాష్ పరిమాణమును, హార్డ్ డిస్కును ఎన్నుకొనవలెను.

పిమ్మట ప్రోగ్రాము ఎన్‌హాన్స్‌డ్, మ్యాక్సిమైజ్డ్ అను రెండు రీతులలో నొకదానిని కోరుకొమ్మనును. ఇచ్చటనే మిక్కిలి ఆలోచింపవలెను. అంగడి గుమాస్తా ప్రతి పద్దును చిట్టాలోను, ఆవర్జాలోను వెంటనే వ్రాసినచో పని మెల్లగా సాగును గాని లెక్క చెడదు. మొదటి రీతి యిట్టిది. చిట్టాలో వ్రాసికొని తీరికయందు ఆవర్జా కెక్కించినచో పని వేగమగును; కాని యీలోపల చిట్టా పోయెనా, ఆ పద్దులును పోవును. రెండవ రీతి యిట్టిది. దానియందు చిన్న డ్రైవు చెడినను, క్యాష్‌ను మాన్పకయే డ్రైవును ఊడదీసినను హార్డ్ డిస్కులోని విషయములు చెడిపోవచ్చును. ఇంటివారి లెక్కలు, ఛాయాచిత్రములు అదే యంత్రమున నున్నచో మొదటి రీతియే తగును. ఆటలో లాభించు కొన్ని సెకండ్లకై వాని నపాయమున బెట్టుట వివేకము కాదు.

ఫలితమును గడియారముతో పరీక్షింపుడు. ఆటను మొదటిమారు తెరచునప్పుడు వేగము హెచ్చదు. క్యాష్ ఇంకను దాని నెఱుగదు. రెండవ, మూడవ మారులందు భేదము తెలియును. ఇంతకాలము తెరువని యాట స్థలము చాలనప్పుడు క్యాష్‌నుండి తొలగును. మఱియు తెరచుకాలమే తగ్గును గాని ఆటలోని బొమ్మల యందము హెచ్చదు.

2011 నాటితో పోల్చిన సాలిడ్ స్టేట్ డ్రైవుల వెల నేడు బహుళముగా తగ్గినది. క్రొత్త యంత్రము కొనువారు ఆటను సూటిగా దానిపైననే స్థాపించుట సులభము. పాత యంత్రమును, చిన్న డ్రైవును గలవారికి మాత్రము ఈ యుపాయ మిప్పటికిని పనికివచ్చును.