పాత గుడారమునకు మరమ్మతు

హిమాయత్‌సాగర్ చెంతనున్న కొత్వాల్‌గూడలో తోట కాపలాకు నైలాన్ గుడారము వాడువారు జూన్‌లో వానలు పడకముందే దానిని విప్పి చూచుకొనవలెను. వాన రాత్రి గుడారము కారినచో పక్కయే కాదు, లోపలి విత్తనాల సంచియు తడియును.

మొదట గుడ్డను పరీక్షించండి. ఎండ ఎక్కువగా తగిలిన పైభాగమును రెండు చేతుల పట్టి లాగండి. చిరిగినచో దానికి ఆయువు తీరినట్లే. అతుకుల ఖర్చు దండుగ.

గుడ్డ నిలిచినచో గోరువెచ్చని నీటిలో కొద్ది సబ్బుతో కడిగి నీడన ఆరవేయండి. చిరుగుకు అన్ని వైపుల ఒక అంగుళము మించునట్లు అతుకు కత్తిరించి, మూలలు గుండ్రముగా చేయండి. కోసుగా ఉన్న మూలలు త్వరగా లేచిపోవును.

కుట్ల వెంట నీరు కారినచో పూతకు తగిన జిగురు పూయండి. పాలీయురేథేన్ పూతకు పాలీయురేథేన్ జిగురు, సిలికాన్ పూతకు సిలికాన్ జిగురే వాడవలెను. జిప్పు పళ్లు కలవకున్నచో జారుడు బిళ్లను పట్టకారుతో మెల్లగా నొక్కండి.

పాలీయురేథేన్ పూత జిగటయై రాలిపోవుటకు ముఖ్య కారణము తేమ. కనుక ఆరనిదే మడవకండి.

చివరకు గుడారము నిలబెట్టి కడవెడు నీరు పోయండి. లోపల చుక్క పడకున్నచో కాపలాకు నిశ్చింతగా వెళ్లవచ్చును.