కొత్త సర్వేయరుకు ఒక లేఖ



గ్రామ సచివాలయంలో సర్వేయరుగా చేరిన రెండో ఏడాదికే పని మీద మనసు నిలవడం లేదనీ, పొద్దున లేస్తే పొలాల మీదికి వెళ్లాలన్న ఉత్సాహమే పుట్టడం లేదనీ మనుమరాలు రాసిన మాటల వెనుక ఒక నమ్మకం ఉంది. ఉత్సాహం ముందు కలగాలి, పని దాని వెంట సాగాలి అన్నదే ఆ నమ్మకం. నిత్యం చేసే పనుల్లో ఈ వరుస చాలామట్టుకు తలకిందులుగానే ఉంటుంది. పనికి ఒక అమరిక ఏర్పడి, దాని ఫలితం ఎవరికి చేరుతున్నదో కంటికి కనిపించినప్పుడు ఉత్సాహం ఆ వెనుక వస్తుంది. కొన్ని రోజులు రాకపోయినా పని సాగుతూనే ఉంటుంది.

అయితే విసుగులన్నీ ఒక్క తీరువి కావు. హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన సహచరులు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో దాదాపు 200 మంది ఇంజనీర్లతో, అకౌంటెంట్లతో మాట్లాడి 1959లో ప్రచురించిన గ్రంథంలో, జీతం, పైఅధికారి తీరు, పనిచేసే చోటు వంటివి సరిగా లేనప్పుడు అసంతృప్తి కలుగుతుందనీ, అవి సరిపడినంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదనీ, ఆ ఇష్టం పనిలోని సాధన నుంచీ బాధ్యత నుంచీ గుర్తింపు నుంచీ వస్తుందనీ వాదించారు. మంచి జరిగితే తన గొప్ప, చెడు జరిగితే పరిసరాల తప్పు అని చెప్పుకోవడం మనుషులకు అలవాటే కనుక ఈ విభజన అంత గట్టిది కాదని ఆక్షేపించినవారూ ఉన్నారు. ఆ ఆక్షేపణలో నిజం ఉన్నా, విభజన వల్ల ఒక ప్రయోజనం దక్కుతుంది. ఉపగ్రహాల సంకేతాలను అందుకొని స్థానం చెప్పే పరికరాలైన రోవర్లు చాలకపోవడం, సర్వర్ మొరాయించడం, సర్వేతో సంబంధం లేని డ్యూటీలు నెత్తిన పడటం మొదటి తరగతికి చెందిన బాధలు. వాటికి మందు అర్జీ, సంఘం, పైఅధికారితో సూటిగా మాట్లాడటం. వాటిని ధ్యానంతోనో, మనసును సమాధానపరచుకోవడంతోనో పోగొట్టుకోవాలని చెప్పే పుస్తకాలు బజారులో చాలానే ఉన్నాయి గాని, అవి ఉద్యోగికన్నా యజమానికే ఎక్కువ పనికివస్తాయి.

రెండో తరగతి విసుగు వేరు. పనిలో ఏ లోటూ లేకపోయినా అది ఎక్కడికీ చేరడం లేదన్న భావం వల్ల కలిగేది అది. ఆడమ్ గ్రాంట్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన పరిశోధన ఈ చోటునే తాకుతుంది. విశ్వవిద్యాలయానికి ఫోన్ల ద్వారా విరాళాలు అడిగే ఉద్యోగులలో కొందరికి, ఆ విరాళాలతో స్కాలర్‌షిప్ పొందిన విద్యార్థితో కొద్ది నిమిషాలు మాట్లాడే అవకాశం కల్పించగా, ఒక నెల తరువాత వారు వారానికి ఫోన్ల మీద గడిపే సమయం రెట్టింపుకు మించిపోయింది. ఆ అవకాశం దొరకనివారిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. జీతమూ పనీ మారలేదు, ఫలం అందుకున్న మనిషి ఎదుటపడటం ఒక్కటే అదనంగా జరిగింది.

సర్వేయరు విషయంలో ఇది అంత సులువు కాదు, ఎందుకంటే హద్దు తేలిన రోజున ఇద్దరు రైతులలో ఒకరు సాధారణంగా మొహం ముడుచుకుని ఇంటికి వెళతారు. గట్టు లోపలికి జరిగిన రైతు దండం పెట్టడు. కాబట్టి ఇక్కడ ఫలాన్ని మెప్పులో కాక, ఆగిపోయిన తగాదాలో వెతకాలి. హద్దులు చూపమని రైతులు పెట్టుకునే ఎఫ్‌-లైన్ అర్జీలలో నెలకు ఒక్కదాన్ని ఎంచుకొని, నోటీసు ఇవ్వడం మొదలు సరిహద్దు రైతుల ఎదుట కొలవడం, రాళ్లు పాతించడం, రికార్డులో ఎక్కించడం దాకా చివరంటా వెంబడించి, పంట కాలం గడిచాక ఆ గట్టు మీదుగా ఒకసారి నడిచి రావడం మేలు. పనిని ముక్కలుగా కాక మొత్తంగా చూసే అవకాశం ఇప్పటి ఉద్యోగాలలో తక్కువ; దాన్ని కోరి కల్పించుకోవాలి.

ఆ కొలతలో శ్రద్ధ ఎక్కడ నిలవాలో కూడా తెలిసి ఉండాలి. రోవర్‌ను బిగించిన రెండు మీటర్ల కర్ర ఒక్క డిగ్రీ వాలితే, చూపవలసిన చోటుకూ చూపిన చోటుకూ మధ్య దాదాపు మూడున్నర సెంటీమీటర్ల తేడా వస్తుంది. వంద మీటర్ల గట్టు పొడవునా ఆ తేడా నిలిచినా విస్తీర్ణంలో అది సెంటులో పదో వంతు కూడా కాదు. అయినా కర్రకున్న గాజు గిన్నెలో బుడగ నడిమికి వచ్చేదాకా ఆగడానికి పట్టేది కొన్ని క్షణాలే, ఆ క్షణాలలో గట్టుకు రెండు వైపులా నిలబడిన ఇద్దరూ చూసేది కర్ర పట్టిన చేతినే. సామర్థ్యం పెరుగుతున్నదన్న అనుభవం ప్రేరణకు మూలాలలో ఒకటని డెసీ, రయాన్ అనే మనస్తత్వవేత్తలు చెప్పినది ఇటువంటి చిన్న నేర్పులకు బాగా వర్తిస్తుంది.

ఇక దృక్పథం మాట. సర్వే శాస్త్రానికి మూలసూత్రం, పూర్ణం నుంచి భాగానికి రావడం. అంటే ముందు విశాలమైన ప్రదేశంలో కొద్ది నిలకడ బిందువులను అతి జాగ్రత్తగా స్థిరపరచి, ఆ తరువాతనే వాటి నడుమ చిన్న కొలతలు తీసుకోవడం. భాగం నుంచి పూర్ణానికి వెళితే ఒక్కో కొలతలోని చిన్న దోషం తరువాతి దానికి చేరి పెరిగిపోతుంది. పూర్ణం నుంచి వస్తే ఏ దోషమైనా రెండు నిలకడ బిందువుల మధ్యనే చిక్కుకుంటుంది. దినచర్యను కొలిచేటప్పుడు మనుషులు చేసే పొరపాటు మొదటి రకానిదే: ఒక సోమవారం తహసీల్దారు విసుక్కున్న మాటతో మొదలుపెట్టి, వారాన్నీ, ఉద్యోగాన్నీ, చివరికి బతుకునంతటినీ దానితో కొలుస్తూ పోతారు. ఆరోగ్యం, ఇంటివారు, చేతికి పట్టుబడిన విద్య, ఎవరికీ తలవంచనక్కరలేని నిజాయితీ వంటి మూడు నాలుగింటిని ముందుగా స్థిరపరచుకుంటే, ఆ సోమవారం దోషం సోమవారంలోనే ఉండిపోతుంది.

ఈ సూత్రం మీదనే విలియమ్ లాంబ్టన్ అనే సర్వే అధికారి 1802లో మద్రాసు దగ్గర ఏడున్నర మైళ్ల ఆధార రేఖను వంద అడుగుల ఉక్కు గొలుసుతో, ఎండకు ఉక్కు సాగే తీరును లెక్కకట్టి సవరిస్తూ, దాదాపు రెండు నెలలు కొలిపించాడు. 1808లో తంజావూరులో గుడి గోపురం మీదికి లాగుతుండగా తాడు తెగి పెద్ద థియోడలైట్ దెబ్బతిన్నప్పుడు, కోణాలు కొలిచే ఆ యంత్రాన్ని విప్పి సుమారు ఆరు వారాలు కూర్చొని స్వయంగా బాగుచేశాడు. ఆయన సహాయకుడిగా వచ్చిన జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల నడుమ అడవులలో పనిచేస్తూ జ్వరాన పడి, కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ తీరానికి వెళ్లవలసివచ్చింది. ఆ సర్వే వెనుక పాలకుల శిస్తు, సైన్య ప్రయోజనాలు ఉన్నమాట దాచవలసినది కాదు. పరికరాలు మోసినవారిలో, కొండల మీద జెండాలు పట్టి నిలిచినవారిలో చాలామంది పేర్లు నిలవలేదన్నదీ అంతే నిజం. పేరు వస్తుందన్న ఆశ మీద ఆధారపడిన ఉత్సాహం నూటికి తొంభై ఉద్యోగాలలో నిలవకపోవడానికి కారణం ఇదే.

ఇక బదిలీ కోరాలన్న ఆలోచన వస్తే, దాన్ని నాట్ల కాలంలో, బురదలో దిగబడుతూ తేల్చుకోవడం తగదు. కోతలయ్యాక పొలాలు ఖాళీగా ఉండి కొలతలు సాఫీగా సాగే వేసవి ఒకటి గడిచాక, అప్పటికీ అదే కోరిక మిగిలితే అర్జీ పెట్టుకోవచ్చు. బదిలీ వస్తే మాత్రం పెండింగు అర్జీల జాబితా, సగంలో ఆగిన సబ్‌డివిజన్ స్కెచ్చులు వచ్చేవారికి రాతపూర్వకంగా అప్పగించి రావాలి, ఎందుకంటే సగం కొలిచిన పొలం యజమానికి సర్వేయరు మారడంతో సంబంధం లేదు, అతని హద్దు ఇంకా తేలవలసే ఉంటుంది.

ఆశీస్సులతో,
తాతయ్య