నల్ల ఇసుకలో ఇనుము ఏ రూపంలో ఉంది?

పలాస నుంచి గాని, జలంత్రకోట నుంచి గాని తూర్పుగా వెళితే ఉద్దానం కొబ్బరితోటలు దాటాక సముద్రం వస్తుంది. అల వెనక్కి పోయిన చోట ఇసుక మీద నల్లని చారలు మీరు చూసే ఉంటారు. అది బురద కాదు. ఇల్మనైటు వంటి బరువైన ఖనిజాల రేణువులు. చేటతో చెరిగితే పొట్టు ఎగిరిపోయి గింజ మిగిలినట్టు, తేలిక ఇసుకను అల లాక్కుపోగా ఇవి మిగులుతాయి.

ఇల్మనైటులో ఇనుము, టైటానియం, ఆక్సిజన్ ఉన్నాయి. టైటానియం నుంచి గోడలకు వేసే తెల్లరంగు తయారవుతుంది. అయితే చాలాకాలం గాలికీ నీటికీ నానిన రేణువుల్లో ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్ ఇనుముగా మారుతుంది. అలా బాగా మారిన ఇల్మనైటు సల్ఫ్యూరిక్ ఆమ్లంలో సరిగా కరగదు. ఆ ఆమ్లంతో తెల్లరంగు తీసే కర్మాగారానికి అది చిక్కే. కనుక ఇనుము ఎంత ఉందో తెలిస్తే చాలదు, ఏ రూపంలో ఉందో తెలియాలి.

ఆ సంగతి ఎక్స్-కిరణాలు చెబుతాయి. పరమాణువులో అన్నిటికన్నా లోపలి ఎలక్ట్రానును ఊడబెరకాలంటే ఇనుము లోహంలో సుమారు 7112 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. కిరణాల శక్తిని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, అక్కడికి రాగానే ఇనుము వాటిని ఒక్కసారిగా ఎక్కువగా మింగేస్తుంది. దీన్ని శోషణ అంచు అంటారు. ఫెర్రిక్ ఇనుము తన ఎలక్ట్రాన్లను మరింత గట్టిగా పట్టుకుంటుంది. అందుచేత దాని అంచు ఫెర్రస్ ఇనుము అంచు కంటే కొన్ని వోల్టులు పైన ఉంటుంది. ఏడువేలలో నాలుగైదు! అంత చిన్న తేడాను పట్టాలి.

ఇక లోపల ఖాళీ అయిన చోటికి పై కక్ష్యలోని ఎలక్ట్రాను పడుతుంది. ఎత్తయిన చెట్టు నుంచి పడిన కొబ్బరికాయ గట్టిగా తగులుతుంది కదా? అలాగే, పడిన ఎత్తును బట్టి ఒక ఎక్స్-కిరణం వెలువడుతుంది. ఇనుముకు దాని శక్తి సుమారు 6400, టైటానియానికి 4510 వోల్టులు. ఇది ఉద్గారం.

ఈ కొలతలకు శాస్త్రజ్ఞులు ఎక్కువగా సింక్రోట్రాన్లకు వెళతారు. ఇండోర్‌లోని ఇండస్-2 అలాంటిదే. దాని చుట్టుకొలత 172 మీటర్లు. అక్కడ దరఖాస్తు పెట్టి, వంతు కోసం ఆగాలి. మరి బల్ల మీద పట్టే పరికరం లేదా? ఉంది. అందులో చిన్న ఎక్స్-కిరణ గొట్టం, గిన్నెలా వంచిన సిలికాన్ లేదా జెర్మేనియం స్ఫటికం, కిరణాలను లెక్కించే శోధకం ఉంటాయి. మూడూ ఒకే వృత్తం మీద ఉండాలి, అదే కీలకం. వంపు వల్ల చెదిరిన కిరణాలు మళ్లీ ఒకచోట చేరతాయి. స్ఫటికం కోణాన్ని బట్టి ఒక్క శక్తి గల కిరణాలే వెనక్కి వస్తాయి. దారిలో గాలి మింగకుండా పెట్టెలో హీలియం నింపుతారు. శోధకం ముందు ఇసుకపొడి పెట్టి ఒకసారి, తీసి ఒకసారి లెక్కిస్తే శోషణం తెలుస్తుంది. గొట్టపు కిరణాలను నేరుగా పొడి మీదికి పంపి, అందులోంచి వెలువడే కిరణాలను స్ఫటికానికి ఇస్తే ఉద్గారం తెలుస్తుంది.

వంచిన స్ఫటికం కొత్తది కాదు. 1931లోనే యోహాన్ దాన్ని వివరించాడు. ఆ దశాబ్దంలోనే మన గోరగనమూడికి చెందిన స్వామి జ్ఞానానంద ప్రాగ్ నగరంలో ఎక్స్-కిరణ వర్ణపటాలపై పరిశోధన చేశారు. తరువాత విశాఖపట్నంలో అణుభౌతిక ప్రయోగశాలకు పునాది వేశారు. సింక్రోట్రాన్లు వచ్చాక బల్ల పరికరాలు మూలపడ్డాయి. 2010 తరువాత సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల మంచి స్ఫటికాలతో, నూరు వాట్లకు మించని గొట్టాలతో మళ్లీ లేచాయి. బడికి అందే ధర కాదు గాని, విశ్వవిద్యాలయానికి అందుతుంది.

ఉద్దానంలో ఎందరినో పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధికి కారణం ఇంకా తేలలేదు, బావినీటిని ఇందులో పెట్టి చూడవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నీటిలోని భారలోహాలు సాధారణంగా లక్షలో ఒక పాలు కన్నా తక్కువ. ఈ చిన్న గొట్టం వెలుగు వాటికి చాలదు. నల్ల ఇసుకలోని ఇల్మనైటులోనో, ఇనుమే సుమారు మూడోవంతు!