తొలి మూడు లారీల డబ్బు
నమ్మకం పేరిట జరిగే మోసాలను వర్తకులు గుర్తించడమెలా?

నంద్యాల, ఆళ్లగడ్డ బజార్లలో చాలా బేరాలు ఈనాటికీ నోటిమాట మీదే నడుస్తున్నాయి. ధాన్యం, శనగ, మొక్కజొన్న, పసుపు ఏదైనా సరే, నమూనా అరచేతిలో పోసుకుని చూసి ధర ఖాయం చేసుకున్నాక కాగితం రాసుకునేవారు తక్కువ. మాట తప్పనివారు ఎక్కువ కనుకనే ఈ పద్ధతి ఇన్నాళ్లు నిలిచింది. మోసగాడు వాడుకునేది కూడా ఈ మర్యాదనే.

ధాన్యపు వ్యాపారంలో అతడి పద్ధతి దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. పొరుగు రాష్ట్రంలో పెద్ద ఆర్డరు ఉన్నదంటూ ఒక కొత్త కొనుగోలుదారు దిగుతాడు. మొదటి లారీకి సరుకు ఎత్తకముందే డబ్బు చెల్లిస్తాడు. రెండవ లారీకి లోడైన రోజునే బ్యాంకులో జమ చేస్తాడు. మూడవదానికి వారం గడువు అడిగి నాలుగవ రోజునే ఇచ్చేస్తాడు. ఈ ముందు చెల్లింపే అసలు ఎర. "పార్టీ గట్టిది" అన్న మాట బజారంతా పాకుతుంది, బ్రోకర్లు అతడి కోసం పోటీ పడతారు. ఆపైన ఒకే వారంలో అయిదారు దుకాణాల నుంచి, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, పదిహేను రోజుల అరువు మీద లారీలు కదులుతాయి. గడువు నాటికి ఫోను మోగదు. ఇచ్చిన చిరునామాలో గోడౌను ఉండదు. సరుకు ఈలోగా వేరొక ఊళ్లో ధర తగ్గించి నగదుకు అమ్ముడుపోయి ఉంటుంది. తొలి మూడు లారీలకు ఇచ్చిన డబ్బు అతడికి వ్యాపారపు ఖర్చు మాత్రమే.

ఇట్టివారిని ముందుగా పట్టించే గుర్తు ఒకటున్నది. ఇచ్చే ఉద్దేశమున్న కొనుగోలుదారు బేరమాడతాడు. తేమ ఎక్కువంటాడు, నూక శాతం లెక్క కడతాడు, గోనె సంచి తరుగు దగ్గర కూడా పేచీ పెడతాడు. ఎందుకంటే ప్రతి రూపాయి అతడి జేబులోది. ఎగవేయదలచిన వాడికి ఈ బాధ లేదు. బజారు ధర మీద క్వింటాలుకు యాభై, అరవై ఎక్కువిచ్చి, నాణ్యం కూడా సరిగా చూడకుండా, గడువు దగ్గర మాత్రం పట్టుబడతాడు. ధర మీద ఉదారంగా ఉండి గడువు మీద గట్టిగా ఉన్న కొత్త పార్టీ కనిపిస్తే లారీ కాటా దాటకముందే ఆలోచించుకోవాలి.

దెబ్బ వర్తకుడితో ఆగదు. సరుకు అతడిది కాదు, రైతుది. తక్‌పట్టీ చేతబట్టుకుని "అన్నా, నా డబ్బు ఎప్పుడు?" అని వచ్చిన రైతుకు కొన్న పార్టీ పారిపోయిందన్న జవాబు పనికిరాదు. ఆ వర్తకుడు చివరకు ఐ.పి. పెడితే రైతు వాటాకు మిగిలేది 1920 నాటి దివాలా చట్టం కింద కోర్టు వాయిదాలు.

రెండవ రకం మోసంలో మనిషి పారిపోడు, సరుకే ఉండదు. రశీదు మాత్రం ఉంటుంది. ప్రపంచంలో దీనికి పేరుపొందిన ఉదాహరణ 1963లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం బయోన్‌లో బయటపడింది. టీనో డి ఏంజెలిస్ అనే వంటనూనెల వ్యాపారి ట్యాంకులలో నీరు నింపి పైన కొద్దిగా సోయా నూనె తేల్చాడు. తనిఖీవారు పైనుంచి కొలత కర్ర వేస్తే నూనే తగిలేది. ఒక ట్యాంకు చూసి రెండవదాని దగ్గరకు వెళ్లేలోగా గొట్టాల ద్వారా అదే నూనెను అందులోకి పంపేవారు. ఆ సరుకుకు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అనుబంధ గిడ్డంగి సంస్థ రశీదులిచ్చింది, ఆ రశీదుల మీద బ్యాంకులు అప్పులిచ్చాయి. నష్టం 15 కోట్ల డాలర్లు దాటింది.

మన దేశంలో సరుకుల బజారుకు తగిలిన పెద్ద దెబ్బ కూడా ఈ జాతిదే. నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజిలో ఒకే సరుకును రెండు రోజుల గడువు మీద కొని, అదే క్షణాన పాతిక రోజుల గడువు మీద తిరిగి అమ్మే జంట ఒప్పందాలు నడిచాయి. రెండు ధరల తేడా ఏడాదికి 14 నుంచి 16 శాతం వరకు పడేది. 2013 జూలై 31న వ్యాపారం నిలిపివేసినప్పుడు సుమారు 13,000 మందికి రావలసిన సుమారు రూ.5,600 కోట్లు చిక్కుకుపోయాయి. తీర్చవలసిన వారు 24 మంది. గిడ్డంగులకు వెళ్లి చూస్తే కాగితాల మీద ఉన్నంత సరుకు లేదు.

ఇందులో లెక్కలు చదివినవారెవరికైనా అనుమానం రావలసిన చోటు ఉన్నది. ఆముదం ధర పెరిగినా, తగ్గినా, ధాన్యం పండినా, ఎండినా మదుపుదారుకు అదే లాభం వచ్చింది. సరుకు ధర కదిలినా లాభం కదలడం లేదంటే జరుగుతున్నది సరుకు వ్యాపారం కాదు, వడ్డీ వ్యాపారం. అప్పు ఎవరికి ఇస్తున్నామో, తాకట్టు ఎక్కడున్నదో అడగవలసింది. చాలామంది అడగలేదు.

బి.కాం.లో ఆడిటింగు చదివినవారికి 1896 నాటి కింగ్‌స్టన్ కాటన్ మిల్లు కేసు గుర్తుండే ఉంటుంది. మేనేజరు ఏళ్ల తరబడి స్టాకు విలువ పెంచి చూపాడు, ఆడిటర్లు అతడి సర్టిఫికెట్టునే నమ్మారు. ఆడిటరు కావలి కుక్కే గాని వేట కుక్క కాదంటూ కోర్టు వారిని తప్పించింది. పరీక్షలో ఈ కేసు రాసి మార్కులు తెచ్చుకున్నాం. డబ్బు పెట్టే వర్తకుడికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. గిడ్డంగి స్టాకు మీద సొమ్ము ఇచ్చేటప్పుడు బస్తాల వరుసల ముందు నిలబడి లెక్కపెడితే చాలదు. నడుమ ఖాళీ ఉన్నదేమో చూడాలి. లోపలి వరుసలో నాలుగు బస్తాలు గుచ్చి గింజో, ఊకో తేల్చుకోవాలి. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ సంస్థలో నమోదైన గిడ్డంగి ఇచ్చే ఎలక్ట్రానిక్ రశీదైతే అదే సరుకు మీద ఇద్దరి దగ్గర అప్పు తేవడం కష్టం. తెల్ల కాగితం మీద గుమాస్తా సంతకానికి ఆ రక్షణ లేదు.

ఇక డిపాజిట్ల సంగతి. విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన అగ్రిగోల్డ్ స్థలాలు, తోటలు చూపి 32 లక్షల మంది వద్ద సుమారు రూ.6,380 కోట్లు వసూలు చేసి, 2014 చివరికి చెల్లింపులు నిలిపివేసింది. చైర్మన్ 2016 ఫిబ్రవరిలో అరెస్టయ్యారు. రూ.10,000 లోపు వారికి 2019లోను, రూ.20,000 లోపు వారికి 2021లోను ప్రభుత్వమే సొమ్ము ఇవ్వవలసి వచ్చింది. ఇక్కడ ఇంటింటికీ వచ్చి అడిగినవారు అపరిచితులు కారు. అన్న, బావ, బడి పంతులు ఏజెంట్లయ్యారు, వారిలో చాలామంది తామూ నమ్మి తమ డబ్బూ పెట్టారు. ఫీజుకు బదులు డిపాజిట్టు కట్టండి, చదువు అయ్యాక తిరిగి ఇస్తామన్న కేశవరెడ్డి విద్యాసంస్థల వ్యవహారం కూడా రాయలసీమ తల్లిదండ్రులు మరువలేదు. ఆ సొమ్ము తిరిగి ఇవ్వలేదన్న ఫిర్యాదులపై 2015 సెప్టెంబరులో చైర్మన్‌ను అరెస్టు చేశారు.

2019లో వచ్చిన అక్రమ డిపాజిట్ల నిషేధ చట్టం వర్తకులు తెలుసుకోవలసినది. అనుమతి లేని పథకంలో డబ్బు వసూలు చేయడమే కాదు, తెలిసి ఇతరులను అందులో పెట్టించడం కూడా నేరమే. కనుక నాలుగు శాతం కమీషన్ వస్తుందని రైతులను చేర్పించే దుకాణదారు తాను ఏజెంటునేనని చెప్పి తప్పించుకోలేడు.

పాత మోసమే ఇప్పుడు ఫోనులోకి దిగింది. పసుపు, శనగ, బంగారం వాయిదాల మీద రోజుకింత లాభమంటూ గ్రూపులలో చేర్చి, తమదే ఒక యాప్ ఇచ్చి, తొలిసారి రెండు వేలు నిజంగానే వెనక్కి ఇస్తారు. మూడు లారీల కథ ఇదే. వాయిదా వ్యాపారం 2015 సెప్టెంబరు నుంచి సెబీ పరిధిలో ఉన్నది. బ్రోకరు పేరు సెబీ జాబితాలో ఉన్నదో లేదో చూడడానికి అయిదు నిమిషాలు చాలు.

కొత్త పార్టీతో వ్యవహారానికి ఇంకొన్ని జాగ్రత్తలు. అతడి జి.ఎస్.టి. నంబరు వెబ్‌సైటులో కొట్టి నమోదైన తేదీ చూడండి. ముప్ఫై ఏళ్ల వ్యాపారమన్నవాడి నమోదు నిరుటిదైతే కారణం అడగండి. డబ్బు పంపానని చూపే ఫోను బొమ్మను నమ్మక, మీ ఖాతాలో జమ పడిన తరువాతే లారీ వదలండి. తెచ్చిన బ్రోకరును "మీరు పూచీ ఉంటారా?" అని నలుగురిలో అడగండి. అతడు తటపటాయిస్తే మీకు జవాబు దొరికినట్లే. అన్నిటికీ మించి, పక్క దుకాణంవాడితో పార్టీ పేరు, ఇచ్చిన అరువు చెప్పుకోండి. పోటీదారుకు చెప్పడమేమిటని చాలామంది దాచుకుంటారు. అయిదారు దుకాణాలు ఒకేసారి మునిగేది అక్కడే.

మోసపోయాక సిగ్గుపడి నెల గడపడం ఇంకో నష్టం. చెక్కు తిరిగి వస్తే బ్యాంకు సమాచారం అందిన 30 రోజులలో నోటీసు పంపాలి. అది అందిన 15 రోజులలో చెల్లించకపోతే ఆపైన నెలలోగా కోర్టులో ఫిర్యాదు వేయాలి. గడువు దాటితే ఆలస్యానికి తగిన కారణం కోర్టును ఒప్పించవలసి వస్తుంది. బజారు ఇంకా "ఫోర్ ట్వంటీ" అంటున్నా, 2024 జూలై 1 నుంచి మోసానికి వర్తించేది భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షను. ఫోను ద్వారా పోయిన సొమ్ముకైతే 1930 నంబరుకు వెంటనే, డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే చెప్పాలి. లారీ రశీదు, ఈ-వే బిల్లు, కాటా చీటీ, ఫోనులోని సంభాషణలు వేటినీ పారేయవద్దు.