రెండు కన్నుల కెమెరా

1929వ సంవత్సరమున జర్మనీ దేశమున రోలీఫ్లెక్సు అను కెమెరా వెలువడెను. దానికి ఒకదానిపై నొకటిగా రెండు కటకములు గలవు. క్రిందిది ఫిలుముపై చిత్రమును పట్టును. పైది మనము చూచుటకు. పై కటకమునుండి వచ్చిన వెలుగు ఏటవాలు అద్దముపై బడి, మీదనున్న గరుకుగాజుపై బింబమై నిలుచును. అందు కుడియెడమలు తారుమారగును. కుడికి నడచు మేక యెడమకు పోవుచున్నట్లుండును! ఈ తరగతి కెమెరాను పొట్టకానించుకొని, తలవంచి చూడవలెను. ఎదుటివారికి నమస్కరించుచున్నట్లే యుండును. 120 రకపు ఫిలుముచుట్టకు సాధారణముగా పండ్రెండు చిత్రములే వచ్చును.

ఇట్టి పాతకెమెరా నొకదానిని నేను రాయచోటిలో కొంటిని. తోలుసంచి నిగనిగలకు మురిసితినేగాని లోపలి షట్టరును పరీక్షింపనైతిని. షట్టరనగా కటకమునకు రెప్పవంటిది. మా మేనత్తకు అప్పటికి తొంబదియేండ్లు. ఆమెను వేపచెట్టు నీడన కూర్చుండబెట్టి చిత్రము తీసితిని. నీడలో వెలుతురు తక్కువ గనుక రెప్పను సెకనులో పదునైదవవంతు తెరచునట్లు అమర్చితిని. పాతనూనె జిడ్డుకట్టుటచే అది తెరచుకొన్నది తెరచుకొన్నట్లే నిలిచిపోయెను. నేను గమనింపలేదు. పండ్రెండు చిత్రములును ముగించి ఫిలుము కడిగించునాటికి అత్త గతించెను. వెలుగు హెచ్చినకొలది ఫిలుము నల్లబడును. ఆమె కూర్చున్నచోటెల్ల కారునలుపై యుండెను.

కొనువారు మొదట షట్టరును ఒక సెకను గుర్తుకడ నుంచి, మీటనొక్కి, గడియారము చూచుచు చెవియొగ్గి వినవలెను. కటకముగుండ దీపపువెలుగును చూచినచో లోని బూజుతీగలు బయటపడును. పిమ్మట ఒక చుట్ట ఫిలుమును గోడలపైనను చెట్లపైనను ప్రయోగింపవలెను. మనుష్యులకడకు అటుపిమ్మటనే పోవలెను.

నా కెమెరాను బాగుచేయించితిని. వీరభద్రస్వామి ఆలయగోపురము అందు చక్కగా వచ్చినది. ఆ చిత్రమును మా యింటిగోడకు వ్రేలాడదీసితిమి. దాని ప్రక్కన అత్త చిత్రమునకై కొట్టిన మేకు ఉత్తదిగా నున్నది.