త్రోవలు వేఱైనను ఫలిత మొక్కటే యగునా?

తరగతిలో (2+3)×(4+1) అను లెక్క నిచ్చిరనుకొందము. ఒక బాలుఁడు మొదటి కుండలీకరణమును ముందుగా సాధించి 5×(4+1) అని వ్రాయును. మఱియొకఁడు రెండవదానిని ముందు సాధించి (2+3)×5 అని వ్రాయును. తుద కిరువురికిని 25 వచ్చును. ఇందు వింత యేమున్నదని మనము తలఁతుము. కాని నియమము లన్నియు మనల నిట్లొక్క గమ్యమునకే చేర్చునా? ఈ ప్రశ్నమును విచారించు శాస్త్రభాగమును టెర్మ్ రీరైటింగ్ అందురు. పదముల స్థానమున పదములను మార్చి వ్రాయుటయే దీని కర్థము.

ఒక చిన్న యుదాహరణమును చూతము. “కగ” అను జంట కనఁబడినచో దాని స్థానమున “చ” వ్రాయవలెను. “గజ” కనఁబడినచో “ట” వ్రాయవలెను. ఇప్పుడు “కగజ” ను దీసికొందము. మొదటి నియమముచే “చజ” వచ్చును. రెండవదానిచే “కట” వచ్చును. అటుపై నేదియు మాఱదు. నియమమును దప్పని యిరువురు బాలురకు రెండు ఫలితములు వచ్చినవి! దోషము బాలురది కాదు, నియమములది.

మార్పులు తప్పక ముగియునట్టివై, ఒక్క యడుగులో చీలిన త్రోవలు మరల కలియఁగలవైనచో, ఫలిత మొక్కటే యగునని 1942లో ఆంగ్లేయ గణితజ్ఞుఁడు న్యూమన్ నిరూపించెను. కలియని త్రోవలను క్రొత్త నియమములచే కలుపు పద్ధతిని 1970లో నూత్, బెండిక్స్ అనువారు ప్రకటించిరి. పై యుదాహరణమున “చజ” ఉన్నచోట “కట” వ్రాయవలెనను మూఁడవ నియమమును చేర్చినచో చిక్కు తీఱును.

ఈ విచారమునకు మూలమైనవానిలో లామ్డా కలన మొకటి. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పండితుఁడు అలోంజో చర్చ్ 1932లో ఒక తర్కవ్యవస్థను ప్రకటించెను. అందు “అ” ను గైకొని “అ+అ” నిచ్చు సూత్రమునకు 3 నొసఁగినచో, “అ” ఉన్న తావులందెల్ల 3 ను నిలిపి 3+3 అని వ్రాయుదుము. ఇట్లు పూరించుటయే యిందలి ముఖ్యకార్యము.

అయితే 1935లో చర్చ్ శిష్యులైన క్లీనీ, రాసర్ అనువారే యా తర్కవ్యవస్థయందు పరస్పరవిరోధ మున్నదని నిరూపించిరి. గురువు దోషముగల భాగమును విడిచి, సూత్రగణనకు సంబంధించిన భాగమును నిలుపుకొనెను. తప్పు చూపిన రాసర్‌తోనే కూడి 1936లో గొప్ప సిద్ధాంతమును ప్రకటించెను. ఈ కలనమున కొన్ని త్రోవలు ముగియకయే పోవచ్చును. కాని ముగిసిన త్రోవలన్నియు, గుర్తుల పేళ్లు తప్ప, ఒక్క ఫలితమునే చేరునని దాని సారము. నేఁడు కంప్యూటరు భాషలను నిర్మించుటకును, ప్రోగ్రాములను పరీక్షించుటకును ఈ విద్య తోడ్పడుచున్నది.

విద్యార్థులారా! చర్చ్ తన పని నంతయు పాఱవేసియున్నచో ఈ ఫలము మనకు దక్కియుండునా? తోటివాఁడు మన లెక్కలో తప్పు చూపినపుడు పుటను చింపివేయక, అందు నిలువఁదగిన భాగ మేదో వెదకుదము.